అక్షరాలు వెనకబడిన పాఠం

స్టాఫ్‌రూములో నవ్వులు వినిపిస్తే నేను అక్కడ ఆగను. తిరువూరులో నేను పని చేసే ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆ నవ్వులకి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఎవరో పిల్లలు రాసిన తప్పు జవాబు. పదహారేళ్ల పిల్లల తప్పులు చదువుకుంటూ పెద్దవాళ్లు టీ తాగడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మాత్రం ఆగాల్సి వచ్చింది. వాళ్లు చదువుతున్నది బోటనీ పేపరు, ఆ పిల్లలకి బోటనీ చెప్పేది నేను.

మా దగ్గర హాఫ్ ఇయర్లీ పేపర్లు ఒకరి సెక్షనువి ఇంకొకరు దిద్దుతారు. రెండో సెక్షనుకి చెప్పే లెక్చరర్ ఒక పేపరు పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు.

"రండి మేడం, మీ శిష్యురాలి ఘనకార్యం చూడండి. మొక్కజొన్న కాండం బొమ్మ వేసింది, అచ్చు గుద్దినట్టు వేసింది. కింద రాసిందంతా పొద్దుతిరుగుడు కాండం గురించి. బొమ్మొకటి, కథొకటి."

సైన్సు చదవనివాళ్ల కోసం చెబుతాను. మొక్కజొన్న దంటుని అడ్డంగా కోసి చూస్తే నీళ్లు మోసే గొట్టాలు వెదజల్లిన గింజల్లా అంతటా కనిపిస్తాయి. పొద్దుతిరుగుడు కాండంలో అవే గొట్టాలు గాజులా గుండ్రంగా అమరి ఉంటాయి. ఫస్టియర్ బైపీసీలో ఇది ఓనమాలంత ముఖ్యమైన తేడా. ఆ పేపర్లో మొక్కజొన్న బొమ్మలో గొట్టాలు చక్కగా చెదిరి ఉన్నాయి. బొమ్మ కింద మాత్రం "వలయాకారంలో అమరి ఉంటాయి" అని, దస్తూరిలో ఒక్క వంకర లేకుండా రాసి ఉంది. ఒక ప్రశ్నకి కాదు, సగం పేపరు అలాగే ఉంది.

ఆ దస్తూరి నాకు తెలుసు. ఆ అమ్మాయి పెనుగొలను నుంచి బస్సులో వస్తుంది. చిన్నతనంలో వచ్చిన పెద్ద జ్వరం ఆమె వినికిడిని తీసుకుపోయింది. మాట ఉంది, కొంచెం గట్టిగా, ఒకే స్వరంలో మాట్లాడుతుంది. ఎదుటివాళ్ల పెదాలు చూసి విషయం పట్టుకుంటుంది. వాళ్ల నాన్న రెడ్డిగూడెం వైపు మామిడి తోటలు కౌలుకి చేస్తాడు. ఉద్యాన కోర్సు చదవాలని ఆమె పట్టుదల. ఎందుకని మొదటి నెలలోనే అడిగితే, "మా నాన్న పురుగుమందు షాపువాడు ఏది ఇస్తే అది కొట్టేస్తున్నాడు మేడం. ఏది ఎందుకో మా ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి కదా" అంది. సైన్సులో ఎందుకు చేరావని అడిగితే ఇంత సూటిగా జవాబు చెప్పిన పిల్ల నాకు ఇంకెవరూ తగల్లేదు.

ఆ పేపరుకి వచ్చిన మార్కులతో ఆమె తప్పింది. మా కాలేజీలో తప్పడమంటే ఊరికే తప్పడం కాదు. మెయిన్ సబ్జెక్టులో తప్పినవాళ్ల తల్లిదండ్రుల్ని పిలిచి, టీసీ తీసుకెళ్లమని, వచ్చే ఏడాది ఇంకెక్కడైనా సీఈసీలో మొదటి నుంచి చేర్చుకోమని నయానో భయానో చెబుతారు. పబ్లిక్ పరీక్షల్లో పాస్ శాతం తగ్గకూడదు, అంతే. సైన్సు పోతుంది, ఏడాది పోతుంది. సీఈసీ చదివి ఉద్యాన కోర్సుకి వెళ్లే దారి లేదు కాబట్టి ఆమె కోరిక అక్కడితో సరి. కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళితే ఆయన అప్పటికే నిర్ణయించేసుకుని ఉన్నారు.

"వినపడని పిల్లకి సైన్సు ఎందుకు మేడం, పాపం. మనం కూడా ఎంత చేశాం చెప్పండి. వచ్చే పేరెంట్స్ మీటింగులో వాళ్ల నాన్నతో మాట్లాడేద్దాం."

ఎంత చేశారో చెప్పాలి. బస్టాండు దగ్గర మా కాలేజీ ఫ్లెక్సీ ఒకటి ఉంది. అందులో ర్యాంకుల పిల్లల ఫొటోల పక్కన ఈ అమ్మాయి ఫొటో కూడా వేయించారు. కింద "వినికిడి లోపం గల విద్యార్థులకు ఆన్‌లైన్ పాఠాల్లో ప్రత్యేక సదుపాయం" అని ఎర్రక్షరాలు. ఆ సదుపాయం ఎవరు కల్పించారో ఆ ఫ్లెక్సీ మీద లేదు. ఉండాలని నేను కోరలేదు కూడా. నాకు కడుపు మండింది ఆ ఫొటో అక్కడ వేలాడుతుండగానే ఆమెను పంపించేయాలని చూసినందుకు.

ఆ సదుపాయం కథ ఇది. క్లాసులో నేను ఆమె వైపు తిరిగి చెబుతాను, బోర్డు మీద రాసేటప్పుడు నోరు మూసుకుంటాను, ఇబ్బంది లేదు. కానీ మా కాలేజీ ఒక కంపెనీ యాప్ కొని, ప్రతి పాఠం వీడియో తీసి అందులో పెట్టమంది. పిల్లలు ఇంటి దగ్గర ఫోన్లో చూసుకుంటారు. వీడియోలో బొమ్మలుంటాయి, నా గొంతు ఉంటుంది, నా ముఖం ఉండదు. ఇక ఆమె ఏ పెదాలు చూడాలి? అందుకని, పదో తరగతి కాగానే ఆమె మా దగ్గర సీటు తీసుకుందని తెలిసినప్పుడే, నేను మాట్లాడిన ప్రతి మాటా టైపు చేసి, స్క్రీన్ కింద అక్షరాలుగా వచ్చేలా పెట్టాను. నా గొంతు నేనే వింటూ, ఆపుతూ, టైపు చేస్తూ ఆ వేసవి సెలవులన్నీ గడిచిపోయాయి. ఎవరి గొంతు వాళ్లు వినడమంత శిక్ష ఇంకోటి లేదు. మాటకి ముందు "అర్థమైందా", మాట తర్వాత "అర్థమైందా". విసుగొచ్చి వాటన్నిటినీ తీసేశాను.

కాలేజీ తెరిచిన కొద్ది రోజులకి ఆమె వచ్చి అడిగింది, "క్లాసులో మధ్య మధ్యలో మీరు ఏదో అంటారు, అందరూ తలూపుతారు. వీడియోలో అది రాయలేదేంటి మేడం?"

అదేం ముఖ్యం కాదమ్మా అన్నాను.

"అందరికీ చెప్పింది నాకూ కావాలి."

మళ్లీ కూర్చుని "అర్థమైందా"లన్నీ తిరిగి చేర్చాను. ఆ పిల్ల గడుసుతనానికి నవ్వుకుంటూనే చేర్చాను.

దసరా సెలవుల ముందు కరస్పాండెంట్ గారు కంపెనీని మార్చారు. విజయవాడ నుంచి కొత్త కంపెనీ కుర్రాడు ఇస్త్రీ చొక్కాలో వచ్చి, పెద్ద స్పీకర్లు పెట్టి, నా పాఠాలే నాకు చూపించాడు. "పాతవన్నీ మా యాప్‌లోకి వచ్చేశాయి మేడం. వీడియోలు, టెస్టులు, సబ్‌టైటిల్స్‌తో సహా. ఇదిగో, అన్నిటికీ టిక్కు పడింది." పడింది నిజమే. అన్నిటి పక్కనా ఆకుపచ్చ టిక్కు. వీడియో నడిచింది, గొంతు వినిపించింది, కింద అక్షరాలు కదిలాయి. గదిలో ఉన్నవాళ్లందరికీ చెవులున్నాయి. చెవులున్నవాళ్లు కింద అక్షరాలు చదవరు.

నవ్వులపాలైన ఆ పేపరు పట్టుకుని, మధ్యాహ్నం భోజనాల విరామంలో ఆమెను కంప్యూటర్ ల్యాబుకి తీసుకెళ్లాను. ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను.

"మీ చేలో మొక్కజొన్న వేస్తారు కదమ్మా. దంటు ఎప్పుడూ విరిచి చూడలేదా?"

"చూశాను మేడం. లోపల అన్నీ చుక్కలు చుక్కలుగా ఉంటాయి."

"టెక్స్ట్‌బుక్కులో ఏముంది?"

"అందులోనూ అలాగే ఉంది."

"మరి ఇలా ఎందుకు రాశావు?"

ఆమె నన్ను వింతగా చూసింది. ఇంత తెలిసిన విషయాన్ని అడుగుతున్నానేమిటి అన్నట్టు చూసింది.

"మీరు వీడియోలో ఇలా చెప్పారు కదా. క్లాసులో మీ పెదాలు నేనే సరిగ్గా పట్టుకోలేదనుకున్నాను. పుస్తకంలో ఏమున్నా పరీక్షలో సార్లూ మేడాలూ చెప్పిందే రాయాలని రోజూ ప్రేయర్లో చెబుతారుగా."

చెబుతారు. నిజంగానే చెబుతారు. సొంత తెలివి ఇంటి దగ్గర పెట్టి రండి, మా నోట్సులో ఉన్నది మక్కికి మక్కి రాస్తే మార్కులు అవే వస్తాయి అని మా కాలేజీలోనే కాదు, మా చుట్టుపక్కల ఏ కాలేజీలో అయినా మొదటి రోజు నుంచి నూరిపోస్తారు. ఆ పిల్ల తన కళ్లతో చూసిన దంటుని కాదనుకుంది, అచ్చైన పుస్తకాన్ని కాదనుకుంది, నా మాట నమ్మింది. నేనేమో ఆ మాట అననే లేదు.

వీడియో పెట్టాను. మొదట సౌండుతో చూశాను, నాకేమీ తేడా కనిపించలేదు. నా గొంతు వింటుంటే నా కళ్లు అక్షరాల మీద నిలవడం లేదు. అప్పుడు సౌండు పూర్తిగా తీసేసి, ఆమె ఎలా చూస్తుందో అలా చూశాను. పాఠం మొదట్లో పొద్దుతిరుగుడు కాండం, కింద దాని గురించే అక్షరాలు. బాగానే ఉంది. కాసేపటికి బొమ్మలో బాణం గుర్తు ఒక భాగం మీద ఉంటే, అక్షరాలు అంతకు ముందు భాగం గురించి చెబుతున్నాయి. ఇంకాసేపటికి బొమ్మ మారి మొక్కజొన్న వచ్చేసింది. కింద అక్షరాలు ఇంకా పొద్దుతిరుగుడు దగ్గరే ఉన్నాయి, "గొట్టాలు వలయాకారంలో ఉంటాయి, అర్థమైందా" అంటున్నాయి. మొక్కజొన్న గురించి నేను చెప్పిన మాటలు మొదలయ్యేసరికి వీడియో అయిపోయింది. మిగతా అక్షరాలు ఇక రానే లేదు.

పక్కన ఆ అమ్మాయి నా ముఖం చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రెండు నెలలుగా ఈ పిల్ల తప్పు పాఠం కంఠస్థం చేసింది, అది కూడా నా పేరు మీద.

కారణం కనుక్కోవడానికి ఎక్కువ కష్టపడాల్సిన పని లేదు, ఒప్పుకునేవాడు దొరకడమే కష్టం. అక్షరాలు ఎంతెంత వెనకబడుతున్నాయో కొలిచి మా కంప్యూటర్ సారు అప్పటికప్పుడే చెప్పేశారు. వీడియో అంటే గబగబా తిరిగే ఫొటోల వరస. పాత కంపెనీ ఏ అక్షరం ఎప్పుడు రావాలో ఫొటోల లెక్కలో గుర్తు పెట్టుకుంది, సెకనుకి ముప్ఫై చొప్పున. కొత్త కంపెనీ ఆ లెక్కనే తీసుకుని, సెకనుకి ఇరవై అయిదు అనుకుని గడియారంలోకి మార్చింది. దాంతో అక్షరాలు నిమిషం నిమిషానికీ వెనకబడ్డాయి. అక్షరాలకి పక్కన మామూలు నిమిషాలూ సెకన్లూ రాసిపెట్టే పద్ధతి ఒకటి ప్రపంచమంతా ఉంది. ఎవరి కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది, పైసా ఖర్చు లేదు. దాన్ని వాడితే కాలేజీలు సులువుగా కంపెనీ మారిపోతాయని ఈ కంపెనీలవాళ్లు ఎవరి గూడు వాళ్లు కట్టుకున్నారు.

మా ప్రాంతంలో రెడ్డిగూడెం ట్రక్కుని, అంటే వెనక తగిలించే తొట్టిని, తీసుకొచ్చి పెనుగొలను ట్రాక్టరుకి తగిలించి పిన్ను వేస్తే కదులుతుంది. ఆ కొక్కెం కొలత గురించి ఏ రైతూ ఏ కంపెనీ కాళ్లూ పట్టుకోనవసరం లేదు. ఇంత చదువుకున్నవాళ్లు, ఇన్ని కంప్యూటర్లు పెట్టుకున్నవాళ్లు, ఒక పిల్ల చదువుకునే నాలుగు అక్షరాలకి ఆపాటి కొక్కెం పెట్టలేకపోయారు. పెట్టలేక కాదు, పెట్టకూడదనుకున్నారు. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే తల వేడెక్కుతుంది.

పాత కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి తీయగా, "అక్షరాలు మీవే మేడం, డేటా ఎప్పుడూ మీదే. కానీ అది మా సాఫ్ట్‌వేర్లోనే తెరుచుకుంటుంది. మీ కాలేజీకి ఇప్పుడు మా అకౌంటు లేదు" అంది.

"నాదైతే నాకు తెరుచుకోవాలి కదమ్మా."

"తెరుచుకుంటుంది మేడం, అకౌంటు ఉంటే."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదీ వరస. నేను వేసవంతా టైపు చేసిన నా మాటలు నా చేతికి రావడానికి నేను మళ్లీ వాళ్ల ఖాతాదారుని కావాలి. కొత్త కంపెనీ కుర్రాడికి చేస్తే, పాతవాళ్లు ఇచ్చిన ఫైలే స్టాండర్డుగా లేదన్నాడు. పాతవాళ్లని అడిగితే, మేము స్టాండర్డు ప్రకారమే ఇచ్చాం, వాళ్లకి చదవడం రాలేదన్నారు. ఇద్దరి నోటా ఒకటే మాట, స్టాండర్డు. ఇద్దరి మధ్యా పిల్ల నలిగింది. మరి మీరే సరిచేయొచ్చు కదా అని కుర్రాడిని నిలదీస్తే, "ఆ వర్షన్లో ఎడిటింగ్ ఆప్షన్ లేదు మేడం, రిక్వెస్టు పెట్టండి" అన్నాడు. పెట్టాను. జవాబుగా ఆకుపచ్చ టిక్కుల ఫొటో పంపాడు.

కరస్పాండెంట్ గారికి అంతా వివరించాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. విని, "అక్షరాలైతే కనిపిస్తున్నాయిగా మేడం? కొంచెం అటూ ఇటూ అయితే పిల్లలే సర్దుకోవాలి. ఒక్క పిల్ల కోసం కంపెనీతో గొడవెందుకు?" అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినలేని పిల్ల ఇంకెంత లోకువో ఆ గదిలో నాకు తెలిసింది.

పేరెంట్స్ మీటింగు శనివారం పెట్టారు. కొత్త యాప్‌ని తల్లిదండ్రుల ఫోన్లలో ఎలా వేసుకోవాలో చూపించడానికి కంపెనీ కుర్రాడు ప్రొజెక్టరుతో వచ్చాడు. హాలు నిండింది. ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు, పక్కనే ఆమె. ఎందుకు పిలిచారో ఆయనకి తెలిసినట్టే ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

కుర్రాడు ఏదో ఒక పాఠం పెట్టి చూపిస్తానన్నాడు. నేను లేచి, కాండం పాఠం పెట్టమన్నాను. పెట్టాడు.

"సౌండు తీసెయ్యి బాబూ."

"తీసేస్తే ఏం వినపడుతుంది మేడం?"

"ఏమీ వినపడకూడదు. తీసెయ్."

తీశాడు. హాలులో వాళ్లందరికీ చెప్పాను, కింద వచ్చే అక్షరాలు మాత్రమే చదవండి, ఇప్పుడు మీకూ చెవులు లేవనుకోండి అని. కరస్పాండెంట్ గారు ముందు వరసలో ఇబ్బందిగా కదిలారు. ఆయన్ని కూడా చదవమని బతిమాలాను. పాఠం నడిచింది. మొక్కజొన్న బొమ్మ వచ్చాక ఆపించి, "సార్, ఈ కాండంలో గొట్టాలు ఎలా ఉంటాయి?" అని అడిగాను.

ఆయన స్క్రీన్ మీద ఉన్నది చూసి చదివారు. "వలయాకారంలో ఉంటాయి."

వెనకనుంచి ఎవరో తల్లి, "అదేంటండీ, మొక్కజొన్న దంటులో అట్టా ఉండదుగా, మేం రోజూ కోస్తూనే ఉంటాం" అంది. హాలంతా గొల్లున నవ్వింది. కరస్పాండెంట్ గారి ముఖం ఎర్రబడింది. నేను సంచిలోంచి ఆ జవాబు పేపరు తీసి ఆయన చేతికిచ్చాను.

"మీరిప్పుడు చెప్పిందే ఈ పిల్ల రాసింది సార్. మీకు టీసీ ఇస్తామా?"

నా నోటి దురుసుకి ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నాను. ఆయన కాసేపు పేపరు వైపు చూసి, గొంతు తగ్గించి, పిల్లని సైన్సులోనే ఉంచుదాం, మళ్లీ పరీక్ష పెట్టండి మేడం అన్నారు. వెనక వరసలో తండ్రికి విషయం పూర్తిగా అర్థమైందో లేదో గానీ కూతురు చేయి పట్టుకున్నాడు.

అందరూ వెళ్లాక ఆ అమ్మాయీ నేనూ ప్రొజెక్టరు దగ్గరికి వెళ్లాం. కుర్రాడు వైర్లు చుడుతూ నొచ్చుకున్నట్టు మాట్లాడాడు. "మీరు అందరి ముందూ అలా చేయాల్సింది కాదు మేడం. మీ జిల్లాలోనే చాలా కాలేజీల పాఠాలు ఇలాగే మార్చాం. ఇప్పటిదాకా ఒక్క కంప్లైంటు కూడా రాలేదు."

ఒక్క కంప్లైంటు కూడా రాలేదు. ఎలా వస్తుంది? వినగలిగినవాళ్లు ఆ అక్షరాలు చదవరు. చదివేవాళ్లకి అవి తప్పని తెలిసే దారి లేదు. ఏ కాలేజీ స్టాఫ్‌రూములోనో ఇలాంటి పేపరే ఒకటి చేతులు మారుతూ నవ్వులు పూయించి ఉంటుంది. ఏ తండ్రో టీసీ మడిచి జేబులో పెట్టుకుని, పిల్లకి సైన్సు అబ్బలేదనుకుంటూ బస్సెక్కి ఉంటాడు. ఆ పిల్ల కూడా అలాగే అనుకుంటూ ఉంటుంది.

అతని పెదాలు చూసిందేమో, ఆ అమ్మాయి నన్ను దాటి ముందుకొచ్చి అతన్నే అడిగింది.

"మరి ఆ కాలేజీల్లో నాలాంటివాళ్లు ఉంటారు కదా. వాళ్లకి ఎవరు చెబుతారు?"

అతను వంగి ల్యాప్‌టాప్ సంచి జిప్పు వేసుకుంటూ, ముఖం ఎత్తకుండా ఏదో అన్నాడు. ఆఫీసులో ఫిర్యాదు టిక్కెట్ రైజ్ చేస్తాం, పైవాళ్లు చూసుకుంటారు, అలాంటిదే. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె నా వైపు తిరిగింది. "ఏమన్నాడు మేడం?"

"ఏమీ అనలేదమ్మా" అన్నాను.